లొరైన్ రాయిలో భాస్వరం

ఫ్రాన్స్ లో జర్మనీ బోర్డర్ దగ్గర మెట్జ్ అని ఊరుంది, అక్కడ 1865లో పుట్టి ఎనభై దాటి బతికిన మనిషి ఉంటే ఇల్లు కదలకుండానే నాలుగు సార్లు దేశం మారినట్టు. 1871లో జర్మనీ, 1918 తర్వాత ఫ్రాన్స్, 1940లో మళ్ళీ జర్మనీ, యుద్ధం అయ్యాక మళ్ళీ ఫ్రాన్స్. మెట్జ్ ఉన్న ఈ లొరైన్ ప్రాంతం గురించి చదివితే యుద్ధాలే కనపడతాయి గానీ నాకైతే అక్కడి రాయి గురించి చెప్పాలని ఉంటుంది.

ఆ ఇనప రాయి పేరు మినెట్. గోధుమ రంగు, దగ్గరగా చూస్తే ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి గింజలు అతుక్కుపోయి ఉంటాయి, జురాసిక్ కాలంలో సముద్రం అడుగున పేరుకున్నవి. మూడో వంతు దాకా ఇనుమే, కానీ భాస్వరం కూడా ఉంది, భాస్వరం ఉన్న ఉక్కు చలికి పుటుక్కున విరుగుతుంది, దాంతో రైలు పట్టాలు ఎవరేస్తారు?

దారి చూపించింది లండన్ పోలీసు కోర్టు క్లర్కు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, 1870ల చివర్లో, కెమిస్ట్ అయిన తన కజిన్ పెర్సీ గిల్‌క్రిస్ట్ తో కలిసి. బెస్సెమర్ కన్వర్టర్ అంటే కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పెద్ద పాత్ర, దాని లోపలి గోడ ఇసుక జాతిది, అంటే ఆమ్ల గుణం, కాలిన భాస్వరమూ ఆమ్లమే, ఇక దాన్ని పట్టుకునేది ఏదీ లేక ఇనుములోనే ఉండిపోయేది. వీళ్ళు గోడకి డోలమైట్ అనే క్షార గుణం ఉన్న రాయి పెట్టి లోపల సున్నం వేశారు. గాలి ఊదితే ముందు కార్బన్ కాలి మూతి దగ్గర మంట లేస్తుంది, ఆ మంట పడిపోగానే పాత పద్ధతిలో ఆపేసేవాళ్ళు, వీళ్ళు ఇంకొన్ని నిమిషాలు ఊదారు, భాస్వరం బాగా కాలేది అప్పుడే! సున్నం దాన్ని పట్టేసుకుని చిట్టెంగా పైకి తేలుతుంది. ఆ చిట్టెం పొడి చేసి రైతులకి ఎరువుగా అమ్మారు, మన సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో ఉండే భాస్వరమే అది. థామస్ మాత్రం 1885లో 34 ఏళ్ళకే పోయాడు.

అప్పట్నించి మినెట్ కి గిరాకీ. లొరైన్ లోని అయాంజ్ లో ద వెండెల్ అనే ఉక్కు వ్యాపార కుటుంబం ఫ్యాక్టరీలు 1871లో జర్మనీలో పడిపోయాయి కాబట్టి థామస్ పద్ధతి తెచ్చి ఫ్రాన్స్ వైపు జోఫ్ లో ఇంకోటి కట్టుకున్నారు. రాయి ఇక్కడ, దాన్ని కరిగించే కోక్ కి మంచి బొగ్గు జర్మనీలోని రూర్ లో, ఒకరు లేకుండా ఇంకొకరికి జరగదు. 1950 మే 9న ఫ్రాన్స్, జర్మనీ రెండు దేశాల బొగ్గూ ఉక్కూ ఒకే సంస్థ కింద పెడదాం అన్న రాబర్ట్ షుమాన్ కూడా లొరైన్ కుటుంబం వాడే, పుట్టినప్పుడు జర్మన్ పౌరుడు, తర్వాత ఫ్రెంచ్ మంత్రి.

బయట నుంచి ఎక్కువ ఇనుమున్న రాయి ఓడల్లో రావడంతో గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, చివరిది 1997లో. దానికి ఏడాది ముందు ఒబువే అనే ఊళ్ళో పాత గనుల మీద నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి, జనం ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది.