రేస్ పట్టేస్తే తప్పు పెడల్‌దేనా? పాత కార్ల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంకా తిరుగుతున్న పాత మారుతి 800లు, జెన్‌లు, శాంత్రోలు షెడ్డుకొచ్చినప్పుడు తరచూ వినే మాట: "అన్నా, రేస్ పట్టేస్తుంది, కాలు తీసినా బండి స్లో అయితలేదు." వెంటనే ఎవరో చెప్పిన వైద్యం కూడా చెబుతారు. నూనె పొయ్యమన్నారనో, స్ప్రింగ్ గట్టిది వెయ్యమన్నారనో. ఎక్కడ పట్టేస్తుందో చూశారా అంటే మాత్రం జవాబుండదు. ఈ జబ్బుకు మందు కంటే ముందు చోటు తెలియాలి.

అపోహ: కాలికి తగిలేది పెడల్ కాబట్టి లోపం పెడల్‌లోనే ఉంటుంది.

పాత కారులో పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఉన్నవి మూడే. పెడల్ ఆడే పిన్ను, ముందు గోడ దాటి వెళ్లే రేస్ వైరు, దాని చివర కార్బొరేటర్‌లోనో థ్రాటిల్ బాడీలోనో గాలి దారిని తెరిచి మూసే రేకు, అంటే బటర్‌ఫ్లై (థ్రాటిల్ అన్నా ఇదే). కాలు తీయగానే అన్నిటినీ వెనక్కి లాగే ముఖ్యమైన స్ప్రింగ్ కూడా బటర్‌ఫ్లై దగ్గరే ఉంటుంది. కాబట్టి మూడింటిలో ఎక్కడ రాపిడి పెరిగినా కాలికి తెలిసేది ఒక్కటే: పెడల్ పైకి రావడం లేదు.

ఎక్కడో తేల్చుకోవడానికి ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. థ్రాటిల్ దగ్గర వైరు చివరనున్న గుండును గాడిలోంచి తప్పించి, బటర్‌ఫ్లైని చేత్తో పూర్తిగా తెరిచి వదలండి. టక్కున మూసుకుందా, దానికి క్లీన్‌చిట్. ఇప్పుడు వైరును పెడల్ వైపు కూడా విప్పి, రెండు చివర్లూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. గరగరలాడకుండా జారాలి. రెండూ బాగుంటే అప్పుడు పెడల్ పిన్ను సంగతి చూడండి. అక్కడ తుప్పు, మట్టి, ఎప్పుడో ఒలికిన టీ కూడా దొరుకుతాయి. స్పానర్ల అవసరం పెద్దగా లేని ఈ పరీక్ష చేయకుండా పార్టులు మార్చే మెకానిక్‌ను నేనైతే నమ్మను.

కాలు కూడా కొంత చెబుతుంది. మొదట బిగుసుకుని, కొంచెం గట్టిగా తొక్కగానే బండి ఎగిరి దూకితే సాధారణంగా బటర్‌ఫ్లై అంచుకు కార్బన్ పట్టినట్టు. మధ్యలో ఒకేచోట ప్రతిసారీ తట్టుకుంటుంటే వైరును అనుమానించండి.

అపోహ: రెండు చుక్కల నూనె వేస్తే సరిపోతుంది.

ఈ అపోహ వల్ల చెడిన వైర్లకు లెక్క లేదు. రేస్ వైరంటే సన్నని ఉక్కు తీగలు కలిపి పేనిన తాడు, పైన ఒక తొడుగు. చాలా బండ్లలో ఆ తొడుగు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. తీగ దాని మీద నూనె లేకుండానే జారేలా చేసిందే అది. అందులో ఇంజిన్ ఆయిలో గ్రీజో పోస్తే మొదటి వారం బాగానే ఉంటుంది. తర్వాత ఏడాది పొడుగునా తవ్వుతూనే ఉండే మన రోడ్ల దుమ్మంతా దానికి అంటుకుని లోపల ముద్ద కడుతుంది. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే ఆ ముద్ద కొంత కరుగుతుంది కానీ కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

పేనిన వాటిలో ఒక్క తీగ తెగినా అసలు ప్రమాదం మొదలైనట్టే. తెగిన కొస ముల్లులా లేచి, తొక్కేటప్పుడు జారిపోతుంది, వెనక్కి వచ్చేటప్పుడు తొడుగుకు గుచ్చుకుంటుంది. దానికి ఏ నూనే పనిచేయదు, వైరు మార్చాల్సిందే. పుత్లీబౌలి, జాంబాగ్, రాణిగంజ్ దుకాణాల్లో పాత మోడళ్లవి కూడా దొరుకుతాయి. పాత వైరు చేత్తో పట్టుకెళ్లి పొడవు, రెండు చివర్లు పోల్చి తీసుకోండి. బండి పేరు ఒకటే అయినా కార్బొరేటర్ మోడల్‌కూ ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే) మోడల్‌కూ తేడాలుంటాయి.

మరో మాట. ఇంజిన్‌కు రిపేరు చేయించాకే ఇబ్బంది మొదలైతే, వైరు వెళ్లే దారి చూడండి. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కు ఆనుకుంటే లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది. మరీ ఒంపు తిరిగినా, ఎవరో ట్యాగుతో బిగించి కట్టేసినా పట్టేస్తుంది. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్ తెగితే కూడా అంతే, రేస్ ఇవ్వగానే ఇంజిన్ ఒరిగి లింకును తానే లాగుతుంది. ఈ మౌంటింగుల లోపంతోనే అమెరికాలో జనరల్ మోటార్స్ 1971లో 60 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

అపోహ: కార్బన్ పడితే గీకేయడమే.

ఇంజిన్ అడుగున పుట్టే నూనె ఆవిరి గాలి దారిలోకి తిరిగొచ్చి బటర్‌ఫ్లై చుట్టూ జిగురులా పడుతుంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఫస్టు, సెకండ్ గేర్లలో పాకే బండికి ఇది తొందరగా పేరుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే అంచు దెబ్బతిని, మూసినా గాలి లీకవుతుంది. థ్రాటిల్ క్లీనర్, మెత్తటి గుడ్డ చాలు. బటర్‌ఫ్లై ఆగే చోటున్న స్టాప్ స్క్రూను ముట్టుకోవద్దు, అది ఐడిలింగ్‌ను (కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే కనీస వేగాన్ని) సరిచేసే స్క్రూ కాదు.

అపోహ: గట్టి స్ప్రింగ్ తగిలిస్తే పెడల్ దానంతటదే వస్తుంది.

వస్తుంది, కొన్నాళ్లు. రాపిడి అలాగే ఉంటుంది, దాని మీద బలం పెరుగుతుంది, వైరు ఇంకా త్వరగా అరుగుతుంది. విరిగిన స్ప్రింగ్ స్థానంలో అదే కొలతది వేయడం వేరు సంగతి. అమెరికా భద్రతా నియమం 124 ప్రకారం థ్రాటిల్‌ను వెనక్కి తేవడానికి కనీసం రెండు బలాలు ఉండాలి. ఒకటి పోయినా మామూలు కారులో, మరీ గడ్డకట్టే చలి లేనప్పుడు, ఒక్క సెకనులో ఐడిల్‌కు రావాలి. రెండో స్ప్రింగ్ ఉన్నది ఇలా ఆపదకే, తుప్పుతో కుస్తీ పట్టడానికి కాదు.

పెడళ్ల కింద వేసే మ్యాట్ సంగతి చాలామంది నవ్వుతూ కొట్టిపారేస్తారు. టయోటా 2009లో మ్యాట్లకు పెడల్ ఇరుక్కుంటోందని, 2010 జనవరిలో పెడలే పట్టేస్తోందని అమెరికాలో లక్షల కార్లను రీకాల్ చేసింది. మ్యాట్ మీద మ్యాట్ వేసుకునేవాళ్లు ముందు పైది తీసి చూడండి.

పెడల్ పూర్తిగా పైకొచ్చినా ఇంజిన్ హోరు తగ్గకపోతే అది వేరే జబ్బు. వాక్యూమ్ పైపు చీలడం, ఐడిల్ వాల్వ్ మురికిపట్టడం, చోక్ వెనక్కి రాకపోవడం లాంటివి.

అపోహ: రోడ్డు మీద రేస్ ఇరుక్కుంటే వెంటనే తాళం పీకేయాలి.

పీకితే స్టీరింగ్ లాక్ పడుతుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట, 11 కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీద అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ముందు బ్రేక్ ఒకేసారి బలంగా తొక్కి పట్టండి. వదిలి వదిలి కొట్టొద్దు. థ్రాటిల్ తెరిచి ఉంటే ఇంజిన్ పీల్పు (వాక్యూమ్) పడిపోతుంది, దాంతో పనిచేస్తూ బ్రేక్‌ను తేలిక చేసే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. బ్రేక్ అలాగే పట్టి ఉంచి, క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేండి. ఇంజిన్ అరుస్తుంది, అరవనివ్వండి. బండి నెమ్మదించి పక్కకు వచ్చాక తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పి ఇంజిన్ ఆపండి, బయటికి తీయకండి. కొన్ని పాత డీజిల్ జీపుల్లో తాళంతో ఇంజిన్ ఆగదు, స్టాప్ నాబ్ లాగాలి. మీ బండిలో అది ఎక్కడుందో ఇంట్లోనే చూసి పెట్టుకోండి. నడుస్తున్న బండిలో కిందికి వంగి పెడల్‌ను చేత్తో లాగే సాహసం వద్దు.

రిపేరు అయ్యాక షెడ్డు వదిలే ముందు రెండు చూడండి. ఇంజిన్ ఆపి ఒకరు పెడల్ పూర్తిగా తొక్కితే, బానెట్ దగ్గరున్నవాళ్లకు బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకోవడం కనపడాలి. వదిలాక వైరులో కొన్ని మిల్లీమీటర్ల వదులు మిగలాలి. వదులు అసలు లేకపోతే, ఇంజిన్ వేడెక్కినప్పుడు ఐడిలింగ్ ఎక్కువగా నిలిచిపోయి మళ్లీ అదే ఫిర్యాదుతో వస్తారు.