రెప్ప అంచున పేరుకున్న నూనె

సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగర. ఎదురుగాలి తగిలితే చాలు, నీళ్లు ధార కట్టేవి. డాక్టర్ పరీక్షించి "పొడి కళ్లు" అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్ని నీళ్లు కారే కన్ను పొడికన్నెలా అవుతుంది? రాసిచ్చిన చుక్కల మందు వేసుకున్న కాసేపు హాయిగా ఉండేది, మళ్లీ మంట మొదలయ్యేది. నెలలు అలాగే గడిచాక మరో డాక్టర్ నన్ను కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ యంత్రం ముందు కూర్చోబెట్టి, కింది రెప్ప అంచును మెల్లగా నొక్కారు. అక్కడ జరిగేది పక్కనున్న తెర మీద నాకూ కనిపించింది. వెంట్రుకల వెనక వరసగా సూదిమొన అంత రంధ్రాలు. తేటగా నూనె చుక్క ఊరాల్సిన చోట పసుప్పచ్చటి ముద్ద, ట్యూబులోంచి టూత్‌పేస్ట్ వచ్చినట్టు, సన్నటి తీగలా బయటికొచ్చింది. అన్నాళ్లూ నేను కంట్లో నీళ్లే పోసుకుంటూ వచ్చాను. కొరత మాత్రం నూనెది.

ఆ రంధ్రాలు మైబోమియన్ గ్రంథులవి. 1666లో వాటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరే వాటికి నిలిచిపోయింది. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా నిలువుగా పక్కపక్కనే ఉంటాయి. వీటి పనితీరు తెలుసుకున్నకొద్దీ నాకు ఆశ్చర్యమే. గ్రంథిలోని కణం నూనెను తయారుచేసి బయటికి పంపి ఊరుకోదు. తనే నూనెతో నిండి, పగిలి, మొత్తంగా అందులో కలిసిపోతుంది. రెప్ప కొట్టినప్పుడల్లా కండరాల ఒత్తిడికి ఆ నూనె రవ్వంత బయటికొచ్చి కన్నీటి మీద పరుచుకుంటుంది. కన్నీటి పొర మొత్తం మందమే సుమారు 3 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఓ మూడు. నూనె పొర అందులోనూ ఎన్నో రెట్లు పలచన. అయినా నీరు ఆవిరైపోకుండా ఆపేది అదే. అది చిరిగితే కంటి ఉపరితలం ఆరిపోయి మండుతుంది. ఆ మంటకు పెద్ద కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. నూనె లేని ఆ నీరు కంటి మీద నిలవక చెంపల మీదికి జారిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న నూనె రెప్ప వేడికే కరిగి ఉంటుంది. జబ్బుపడ్డ గ్రంథిలో దాని గుణం మారి, కరగడానికి మరికొన్ని డిగ్రీలు అవసరమవుతాయి. అందుకే కాపడం. ఈ వైద్యానికంతటికీ పునాది ఇదే అయినా, "వేడి గుడ్డ పెట్టుకోండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తారు. తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది, మనమేమో కాపడం పనిచేయలేదనుకుంటాం. రెప్పకు దాదాపు 40 డిగ్రీల వేడి, 5 నుంచి 10 నిమిషాల పాటు తగ్గకుండా తగలాలి. గుడ్డయితే మారుస్తూ ఉండాలి, వేడిని పట్టి ఉంచే కంటి మాస్కయితే ఇంకా మేలు. ముందు ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకోండి, రెప్ప చర్మం చాలా పలచన. తీసిన వెంటనే, నూనె మళ్లీ గట్టిపడకముందే మర్దన చేయాలి. కళ్లు మూసుకుని పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, అంచు వైపు నెమ్మదిగా రాయాలి. కనుగుడ్డును మాత్రం నొక్కకూడదు. ఆ తర్వాత రెప్ప అంచున ఉన్న పొట్టునూ జిడ్డునూ శుభ్రం చేయాలి. వారం చేసి మానేస్తే లాభం లేదు. నాకు తేడా తెలియడానికే నెల దాటింది.

ఫోన్, కంప్యూటర్ తెర చూసేటప్పుడు రెప్ప కొట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది, కొట్టినా రెప్పలు పూర్తిగా మూసుకోవు. రెండు రెప్పలూ తగలకపోతే గ్రంథులపై ఒత్తిడి పడదు, నూనె లోపలే పేరుకుంటుంది. మధ్యమధ్యలో ఆగి నిండుగా రెప్పలు మూసి తెరవడం చిన్న విషయంగా కనిపించినా, దాన్ని మందుతో సమానంగా చూస్తాను.

వీటికి లొంగకపోతే డాక్టర్లు డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ ఇస్తారు. క్రిములను చంపడం కన్నా ముఖ్యంగా వాపును తగ్గించడానికి. డాక్సీసైక్లిన్ గర్భిణులకూ చిన్న పిల్లలకూ ఇవ్వరు. రెప్పలను లోపలివైపు నుంచి వేడిచేసి పిండే యంత్రాలున్నాయి, కాంతి తరంగాలతో చేసే ఐపీఎల్ చికిత్స ఉంది. 2023లో అమెరికాలో రెండు కొత్త చుక్కల మందులకు అనుమతి వచ్చింది. నీరు ఆవిరికాకుండా ఆపే పెర్‌ఫ్లోరోహెక్సిలాక్టేన్ ఒకటి, రెప్ప వెంట్రుకల్లో ఉండే డెమోడెక్స్ పురుగులను చంపే లోటిలానర్ మరొకటి. చేపనూనె మాత్రల మీద మాత్రం నాకు పెద్దగా ఆశ లేదు. 2018లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో రోజుకు 3 గ్రాములు ఏడాదిపాటు వాడినా, పోల్చడానికి ఇచ్చిన ఆలివ్ నూనె మాత్రల కన్నా ఎక్కువ ఫలితం కనబడలేదు. ఎరుపు తగ్గిందని స్టెరాయిడ్ చుక్కలను సొంతంగా కొనసాగించడం మరీ ప్రమాదం, కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపుకే ఎసరు పెడుతుంది.

మైబోగ్రఫీ అనే పరీక్షలో, పరారుణ కాంతిలో తీసిన ఫొటోలో, గ్రంథులు తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. నా ఫొటోలో కొన్ని సగానికే ఆగిపోయాయి, రెండు మూడు చోట్ల ఖాళీ. ఎండి కుంచించుకుపోయిన గ్రంథి మళ్లీ మొలుస్తుందని చెప్పలేం. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే వైద్యం. కాబట్టి చుక్కలతో తగ్గని మంట ఉంటే, రెప్ప అంచు నొక్కి చూడమని డాక్టర్‌ను మీరే అడగండి. నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లాలి. వయసు మళ్లినవారికి రెప్ప మీద ఒకే చోట గడ్డ మళ్లీ మళ్లీ వస్తుంటే అది మామూలు కంటికురుపే అనుకుని కాపడంతో సరిపెట్టకండి. ఈ గ్రంథుల్లోంచి అరుదుగా క్యాన్సర్ కూడా పుడుతుంది, ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ తేలదు.