ఫిబులా లేని కాలు: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. ముందువైపు చేతికి తగిలే లావాటిది టిబియా, బయటివైపు సన్నగా ఉండేది ఫిబులా. సుమారు 40,000 మంది శిశువుల్లో ఒకరు ఫిబులా పూర్తిగా లేకుండానో, సగమే ఏర్పడో పుడతారు. టిబియా లేకపోవడం ఇంకా అరుదు, దాదాపు 10 లక్షల్లో ఒకరికి. పిల్లల ఎముకల డాక్టరుగా ఈ తల్లిదండ్రుల నోట నేను పదేపదే వినే మాటలివి.

అపోహ: గ్రహణం రోజు తల్లి బయటికొచ్చింది, అందుకే ఇలా పుట్టాడు.

పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, తప్పంతా తనదేనని ఏడ్చే తల్లిని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అమ్మా, కడుపులో కాళ్లూ చేతులూ ఏర్పడేది పిండం 4 నుంచి 8 వారాల వయసులో ఉన్నప్పుడు. ఐదో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే తయారైన ఎముకను మాయం చేయలేదు. ఫిబులా లోపం చాలావరకు వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. టిబియా లోపం మాత్రం కొన్ని కుటుంబాల్లో జన్యువుల వల్ల రావచ్చు. బిడ్డ చేతివేళ్లలోనూ తేడా ఉంటే జన్యు నిపుణుల సలహా కోసం జెనెటిక్ కౌన్సెలింగ్‌కి పంపుతాను.

అపోహ: నూనె మర్దనతో, కాల్షియం టానిక్‌తో ఎముక పెరుగుతుంది.

పెరగదు. స్నానానికి ముందు నూనె రాయండి, తప్పులేదు. కాలు పట్టి లాగడం, వంచడం మాత్రం వద్దు.

అపోహ: రెండు కాళ్ల పొడవులో తేడా 2 సెంటీమీటర్లే కదా, పెద్దయ్యాక సర్దుకుంటుంది.

పుట్టినప్పుడు కాలు ఎంత శాతం పొట్టిగా ఉందో, ఎదుగుదల ఆగేదాకా దాదాపు అంతే శాతం పొట్టిగా ఉంటుంది. పుట్టినప్పటి తేడాను అబ్బాయికైతే సుమారు 5తో, అమ్మాయికైతే 4.6తో హెచ్చవేస్తాం. అంటే ఆ 2 సెంటీమీటర్లు అబ్బాయికి 10 అవుతాయి. ఈ లెక్క మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది కాబట్టి తొందరగా చూపించమంటాను.

అపోహ: ఒక్కసారి కాలు సాగదీసే ఆపరేషన్ చేస్తే సమానమైపోతుంది.

రష్యాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజారోవ్ రూపొందించిన పద్ధతి ఇది. ఎముకను కోసి, కాలి చుట్టూ రింగుల ఫ్రేమ్ పెట్టి, దాన్ని పిన్నులతో ఎముకకు బిగించి, రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతలుగా దూరం జరుపుతాం. ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. మామూలుగా ఒక దఫాలో 5 సెంటీమీటర్ల దాకా సాగదీస్తాం. అందుకు ఫ్రేమ్ ఐదారు నెలలైనా ఉండాలి. పిన్నుల దగ్గర చీము, బిగుసుకునే కీళ్లు, రోజూ ఫిజియోథెరపీ. 10 సెంటీమీటర్లంటే ఇదంతా రెండుసార్లు. బడి, ఆటలు ఎన్ని నెలలు పోతాయో ముందే కూర్చుని లెక్కేసుకోవాలి.

అపోహ: పాదం తీసేద్దామన్న డాక్టరు చేతులెత్తేసినట్టే.

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. ఏ దారి మంచిదో తేల్చడంలో కాలి పొడవు కన్నా పాదం ముఖ్యం. కనీసం మూడు వేళ్లుండి, చీలమండ కీలును నిలబెట్టగలమనిపిస్తే, పొడవులో తేడా మరీ ఎక్కువ కాకపోతే, పాదాన్ని కాపాడటానికే చూస్తాను. పాదం నేలమీద ఆనలేని స్థితిలో ఉండి, తేడా చాలా ఎక్కువుంటే, బిడ్డ నిలబడే వయసుకు పాదం తీసి, మడమ చర్మాన్ని అలాగే కాలి చివర అమర్చడం మేలు. ఆ చర్మం బరువు మోస్తుంది కాబట్టి కృత్రిమ పాదం లేకుండానే ఇంట్లో నాలుగడుగులు వేయగలరు. పెట్టుకుంటే పరిగెడతారు. రెండు కాళ్లకూ ఇదే లోపంతో పుట్టిన అమెరికా అథ్లెట్ ఎయిమీ మల్లిన్స్‌కి ఏడాది వయసులోనే మోకాళ్ల కింద కాళ్లు తీసేశారు. ఆమె 1996 అట్లాంటా పారాలింపిక్స్‌లో పోటీపడ్డారు.

ఒకటి దాచకుండా చెప్తాను. బిడ్డ ఎదిగేకొద్దీ కృత్రిమ కాలు మార్చుతూనే ఉండాలి, ఆ ఖర్చు, తిరుగుడు తప్పవు.

ఈ మాట చెప్పిన రోజే సంతకం అడగను. ఇంకో డాక్టరుకు కూడా చూపించమంటాను. ఇలాంటి కాలుతో బడికెళ్తున్న పిల్లల అమ్మానాన్నలు ఒప్పుకుంటే, వాళ్లతో మాట్లాడిస్తాను. సంతకం ఆ తర్వాతే.