రెండు వారాల మాత్రలు, ఏడాది ఎదురుచూపు

మలక్‌పేటలో ఉండే మా మామయ్య చొక్కా జేబులో గ్యాస్ మాత్రల స్ట్రిప్పు లేని రోజు నాకు గుర్తులేదు. కడుపులో మంటని ఇరానీ చాయ్ మీదో మిర్చి బజ్జీ మీదో నెట్టేసేవాడు. మనిషి చిక్కిపోతున్నాడని అత్తయ్య పోరగా పోరగా ఎండోస్కోపీకి వెళ్తే, బయాప్సీలో జీర్ణాశయం లింఫోమా, అంటే తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. ఇంక ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఎవరు ఫోన్ చేసినా "ఆపరేషన్ ఎప్పుడంట?" అనే ప్రశ్నే. డాక్టర్ గారేమో 14 రోజులకి యాంటీబయాటిక్స్ రాసి పంపేశారు. "ఒరేయ్, క్యాన్సర్‌కి జ్వరం మాత్రల్లాంటివి ఇచ్చాడేంట్రా, ఇంకో డాక్టర్‌ని చూద్దామా?" అన్నాడు మామయ్య. నాకూ అదే అనుమానం వచ్చింది, కాబట్టి కూర్చుని చదివాను.

మామయ్యది మాల్ట్ లింఫోమా, నెమ్మదిగా పెరిగే రకం. తమాషా ఏంటంటే, ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయం గోడలో లింఫ్ కణజాలం, అంటే తెల్లకణాలు గుమిగూడే చోటు, పెద్దగా ఉండనే ఉండదు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అక్కడ కాపురం పెట్టాక, దాన్ని తరమడానికి తెల్లకణాలు గుంపుగా వచ్చి చేరతాయి. అది పోదు, ఇవీ పోవు. ఏళ్ళ తరబడి సాగే ఈ రగడలో బి-కణాలనే రకం తెల్లకణాలు కొన్ని అదుపు తప్పి క్యాన్సర్‌గా మారతాయి, కానీ మొదట్లో వాటికి సొంత కాళ్ళుండవు. బ్యాక్టీరియాని చూసి రెచ్చిపోయే టి-కణాలు, అంటే ఇంకో రకం తెల్లకణాలు, పక్కనుంచి ఉసిగొల్పుతుంటేనే పెరుగుతాయి. అంటే బ్యాక్టీరియాని చంపితే క్యాన్సర్‌కి మేత ఆగిపోతుంది. 1993లో లండన్‌లోని ఐజాక్సన్, వోదర్‌స్పూన్ బృందం ఆరుగురికి ఇలా యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే ఐదుగురిలో లింఫోమా కనిపించకుండా పోయింది. ఇప్పుడు, జబ్బు జీర్ణాశయం దాటకుండా ఉండి బ్యాక్టీరియా కూడా ఉన్నవాళ్ళలో, దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఈ మందులే సరిపోతున్నాయి.

మరి అందరికీ ఎందుకు పనిచేయదు? కొందరి కణాల్లో 11, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కుంటాయి, అలాంటి కణాలకి ఎవరి ఉసిగొల్పుడూ అక్కర్లేదు. వాళ్ళకి తక్కువ డోసు రేడియేషన్ బాగా పనిచేస్తుంది, రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది. వేగంగా పెరిగే పెద్ద బి-కణాల లింఫోమా అయితే సాధారణంగా కీమోతో కలిపి రిటుక్సిమాబ్ ఇస్తారు. అక్కడా కత్తి మొదటి మాట కాదు. రక్తస్రావం ఆగకపోయినా, జీర్ణాశయానికి చిల్లు పడినా తప్ప ఆపరేషన్ జోలికి పోవడం అరుదు. ఒకప్పుడు కోసేసేవాళ్ళు, నిజమే. కానీ ఈ జబ్బు ఒకేచోట గడ్డలా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఉండొచ్చు, మొత్తం తీసేస్తే తిండికీ బి12 విటమిన్‌కీ జీవితాంతం తిప్పలు. 2001లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో, ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళ లెక్క ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో సుమారు 82 శాతం, చేయించుకోనివాళ్ళలో 84 శాతం.

అసలు చిక్కు మందుల్లో కాదు, ఓపికలో వస్తుంది. కోర్సు రెండు వారాలే, కానీ లింఫోమా కరగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే. మధ్యలో ఎండోస్కోపీలు, బయాప్సీలు. బ్యాక్టీరియా చచ్చిందో లేదో చూడటానికి ఊపిరి పరీక్ష ఉంటుంది, ఒక ద్రావణం తాగించి సంచిలోకి ఊదమంటారు. దానికి రెండు వారాల ముందు నుంచీ గ్యాస్ మాత్రలు ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా అణిగి ఉండి లేనట్టు చూపిస్తుంది. మామయ్య పదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, తెల్లారే ఒకటి వేసుకుని మరీ వెళ్ళాడు! మళ్ళీ రెండు వారాలాగి రమ్మన్నారు. ఇంకో మాట, మెడికల్ షాపులో అడిగి సొంతంగా ఈ యాంటీబయాటిక్స్ వాడొద్దు, ఎడాపెడా వాడటం వల్లే క్లారిత్రోమైసిన్‌లాంటివి చాలామందిలో పనిచేయడం మానేశాయి.

మొన్న మూడో ఎండోస్కోపీ అయింది. అక్కడక్కడా నాలుగు కణాలు మిగిలాయి, కంగారు లేదు, ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. మామయ్య ఇప్పుడు వేరే డాక్టర్ మాటెత్తడం లేదు. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళ నుంచి అంటుకుంటుందని ఎంత చెప్పినా వినకుండా, తప్పంతా చాయ్‌దే అని హోటల్ వైపు చూడటం మాత్రం మానేశాడు.