కర్ణుడు నాయకుడా, ప్రతినాయకుడా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పౌరాణిక నాటకాలు ఆడించడం, కర్ణ దుర్యోధన వేషాలు కట్టే కుర్రవాళ్లకు నేర్పడం నా పని. ఈ రెండు పాత్రలూ ఒక రంగంలో మనసు దోచుకుంటాయి, మరో రంగంలో ఒళ్లు మండిస్తాయి. అటువంటి మనిషిని కథకు కేంద్రంగా పెట్టుకుని రాసే కొత్త రచయితలు ఈ మధ్య పెరిగారు. నాకు చాలా సంతోషం. కానీ చదవమని పంపే ప్రతుల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి.

అపోహ: దుర్మార్గుడికి కష్టాల బాల్యం ఒకటి తగిలిస్తే నాయకుడైపోతాడు.

వాస్తవం: బాల్యం జాలి పుట్టిస్తుంది. జాలి ఒక రంగం వరకు పనికొస్తుంది, నాటకం మొత్తాన్ని మోయలేదు. కర్ణుడి పాత్రను మోసేది ఏట్లో వదిలేసిన పెట్టె కాదు, నమ్మినవాడిని విడవని గుణం. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు అతడిని రథమెక్కించుకుని వెళ్లి జన్మరహస్యం చెబుతాడు. పాండవులకు అన్నవు, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఒప్పుకోడు. రాధ పాలిచ్చి పెంచిందనీ, దుర్యోధనుడు తనను నమ్ముకుని యుద్ధానికి సిద్ధపడ్డాడనీ చెబుతాడు. ఆ తర్వాత అడిగేది ఇంకా గొప్ప మాట. ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వవద్దు, తెలిస్తే అతడు రాజ్యం తీసుకోడు, అది నా చేతికొస్తే నేను దుర్యోధనుడికే ఇచ్చేస్తాను అంటాడు.

రాజ్యం ఎవరికి దక్కాలో అతడికి తెలుసు. తెలిసీ అవతలి పక్షానే నిలబడతానంటున్నాడు. నిండు సభలో ద్రౌపదిని నీచంగా మాట్లాడించింది కూడా ఈ స్నేహమే. అందుకే పాత్రకు మంచి గుణాలు కొన్ని, చెడ్డ గుణాలు కొన్ని వేరువేరుగా రాసుకోవద్దంటాను. ఒక్క గుణాన్ని పట్టుకుని, అది ఎక్కడ అతడిని నిలబెడుతుందో, ఎక్కడ పడదోస్తుందో వెతకండి.

అపోహ: ప్రేక్షకుడు ప్రేమించాలంటే పాత్ర చేసిన దారుణాన్ని కత్తిరించాలి.

వాస్తవం: అన్నిటికంటే నాకు కోపం తెప్పించే అపోహ ఇదే. జూదం తర్వాత వికర్ణుడు ద్రౌపది తరఫున నోరు విప్పితే అతడిని గద్దించింది కర్ణుడు. ఆమెను కులట అన్నదీ, పాండవుల వస్త్రాలతో పాటు ఆమె వస్త్రం కూడా ఒలవమని దుశ్శాసనుడికి చెప్పిందీ కర్ణుడే. నా దగ్గరికి వచ్చే ప్రతుల్లో ఈ మాటలు శకుని నోటికో దుర్యోధనుడి నోటికో మారిపోతాయి. కర్ణుడు మాత్రం ఓ మూల తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఇది కర్ణుడికి చేసే అన్యాయం. దుర్యోధనుడి ప్రీతి కోసం పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు పరితపిస్తున్నానని తర్వాత కృష్ణుడితో అతడే చెప్పుకుంటాడు. ఆ మాటలే అనకపోతే దేనికి పరితపించాలి?

తెలుగు భారతంలో సభాపర్వం నన్నయది. కవచకుండలాల దానం ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలో వస్తుంది. కృష్ణుడితో ఆ సంభాషణ, యుద్ధం తిక్కనవి. వేషం కట్టడానికి వచ్చేవాళ్లు ఎర్రన, తిక్కనల కర్ణుడిని చదువుకుని నన్నయ దగ్గరికి వెళ్లరు. ముగ్గురినీ చదవాలి. సభారంగంలో కర్ణుడు మాట్లాడుతున్నంతసేపూ వెలుతురు ద్రౌపది ముఖం మీద ఉండేలా నేను చూసుకుంటాను. ఆ మాట పడిన మనిషి ప్రేక్షకుడికి గుర్తుండిపోవాలి. అప్పుడు తర్వాతి రంగాల్లో కర్ణుడి మీద ఎంత ప్రేమ కలిగినా, చేసిన తప్పు చెరిగిపోదు.

అపోహ: ఇటువంటి పాత్రలు విదేశీ సీరియళ్లు చూసి నేర్చుకున్న కొత్త పోకడ.

వాస్తవం: గత శతాబ్దం మొదట్లో పండితుడు టి. గణపతి శాస్త్రి తిరువనంతపురంలో వెలుగులోకి తెచ్చిన సంస్కృత నాటకాల్లో ఊరుభంగం ఒకటి. ఆయన వాటిని ప్రాచీన నాటకకర్త భాసుడివన్నారు. అందులో కథానాయకుడు దుర్యోధనుడే. తొడలు విరిగి నేలమీద పడి ఉన్న అతడి దగ్గరికి పసివాడైన దుర్జయుడు వస్తాడు. అలవాటు కొద్దీ తండ్రి ఒడిలో కూర్చోబోతాడు. తండ్రి వారిస్తాడు. ఎందుకు వద్దంటున్నావని పిల్లవాడు అడుగుతాడు. భారతం తెలిసిన ప్రేక్షకుడికి ఆ తొడ ఏమిటో తెలుసు. సభలో ద్రౌపదికి చూపించి అవమానించిన తొడ అది. ఇప్పుడు కన్నకొడుకును కూర్చోబెట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. చివరికి దుర్యోధనుడు ఆ బిడ్డకు పాండవులను నాలాగే సేవించు, అభిమన్యుడి తల్లిని, ద్రౌపదిని కన్నతల్లుల్లా పూజించు అని చెబుతాడు. జాలి పుట్టించే కష్టమూ, చేసిన పాపమూ ఒకే అవయవంలో కలిశాయి. ఇంత గట్టి రచన మన దగ్గర ఉండగా ఇది అరువు తెచ్చుకున్న విద్య అనడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: మంచి నుంచి చెడుకు మారే క్షణం ఒకటి స్పష్టంగా కనిపించాలి.

వాస్తవం: కొన్ని కథలకు అవసరమేమో, అన్నిటికీ కాదు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుడి కులం ప్రస్తావనకు వచ్చినప్పుడు దుర్యోధనుడు శూరుల పుట్టుకను, నదుల పుట్టుకను విచారించకూడదంటాడు. అక్కడికక్కడే అంగరాజ్యం కట్టబెడతాడు. ఆ మాట న్యాయమైనది. అర్జునుడికి సరిజోడు దొరికాడన్న ఆనందమూ నిజమే. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా మూడు వేషాలు వేశారు. సినిమా పేరు కర్ణుడిదే అయినా, కొండవీటి వెంకటకవి ఈ ఘట్టంలో దుర్యోధనుడికి రాసిన సంభాషణను తెలుగువాళ్లు ఇప్పటికీ కంఠతా చెబుతారు. న్యాయమైన మాట, అర్జునుడికి సరిజోడు దొరికాడన్న ఆనందం, ఈ రెండింటిలో ఏది చూపించాలని మా నటులు అడుగుతుంటారు. రెండూ చూపించాలి. మాట్లాడుతున్నంతసేపూ చూపు కర్ణుడి మీద ఉండాలి, కిరీటం పెట్టాక ఒక్కసారి అర్జునుడి వైపు తిరగాలి. అంతకు మించి ఏమీ చేయనక్కర్లేదు.

సాంఘికంలో చూడాలంటే గురజాడ కన్యాశుల్కం నాటకంలో గిరీశం ఉన్నాడు. మొదటి నుంచి చివరి దాకా అతడు మారడు. మధురవాణినీ వెంకటేశాన్నీ మాటలతో బోల్తా కొట్టిస్తుంటే నవ్వుకుంటాం. అదే మాటకారితనం బుచ్చమ్మ వైపు తిరిగేసరికి ఆ అమ్మాయి ఏమైపోతుందోనని భయపడతాం. మారింది మనం కూర్చున్న చోటు.

అపోహ: చెడ్డ రంగం వస్తే గొంతు పెంచాలి, అట్టహాసం చేయాలి.

వాస్తవం: అవసరం లేదు. కుంతితో మాట్లాడిన గొంతుతోనే సభలోనూ మాట్లాడాలి. గొంతు మారిస్తే వేదిక మీద ఇద్దరు మనుషులు తయారవుతారు.

అపోహ: చివర్లో పాత్ర తనను తాను సమర్థించుకోవాలి, లేదా రచయిత తీర్పు చెప్పాలి.

వాస్తవం: రథచక్రం కుంగినప్పుడు కర్ణుడు ధర్మం గుర్తుచేస్తాడు. ద్రౌపదిని సభకు ఈడ్చిననాడు, అభిమన్యుడిని చుట్టుముట్టి చంపిననాడు ఆ ధర్మం ఏమైందని కృష్ణుడు వరుసగా అడుగుతాడు. వ్యాసభారతంలో కర్ణుడు సిగ్గుతో తల వంచుకుంటాడు, బదులు చెప్పడు, మళ్లీ విల్లందుకుని పోరాడతాడు. మనవాళ్లు ఇక్కడ పేజీల కొద్దీ సమాధానం రాసి కర్ణుడి చేత చెప్పిస్తారు. అది కొట్టేయండి.

గంటసేపు ఆడే నాటికలో ఇవన్నీ పట్టవు. అంగరాజ్య పట్టాభిషేకం, సభారంగం, కృష్ణుడితో రథం మీద సంభాషణ, ఈ మూడూ ఉంచి మిగతావి వదిలేయవచ్చు. కవచకుండలాల దానం లేకపోతే ప్రేక్షకులు ఒప్పుకోరని నిర్వాహకులు పట్టుబడితే, దాన్ని సభారంగం తర్వాతే పెట్టండి. ముందు పెడితే దానం చూసి కరిగిపోయినవాళ్లకు సభలో కర్ణుడన్న మాట చెవికెక్కదు.