మెర్సిడెస్ ఎస్‌ఎల్: యాభై ఏళ్ల పెట్రోలు లెక్క

కప్పు తెరుచుకునే ఖరీదైన, శక్తిమంతమైన కార్లలో మెర్సిడెస్-బెంజ్ ఎస్‌ఎల్‌ది చాలా పాత వంశం. ఈ వంశంలో ఇటీవల వచ్చిన ఎస్‌ఎల్ 63 ఎస్ ఇ పెర్ఫార్మెన్స్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బయటి నుంచి ఛార్జ్ చేసే బ్యాటరీ ఉన్న కారు) 800కు పైగా హార్స్‌పవర్ ఇస్తుంది. అయినా యూరప్ అధికారిక పట్టికల్లో అది తనకంటే ఎంతో బలహీనమైన పాత ఎస్‌ఎల్‌ల కన్నా తక్కువ పెట్రోలు తాగే కారుగా కనిపిస్తుంది. ఆ అంకె ఎలా పుట్టిందో అర్థం కావాలంటే 1970ల నాటి చమురు సంక్షోభం నుంచి మొదలుపెట్టాలి. ఈ తరగతి కార్ల మైలేజీని నడిపించింది కొనేవారి కోరిక కాదని, చట్టాలూ ఆ చట్టాల్లో మిగిలిపోయిన సందులూ అని అప్పటి నుంచి జరిగిన చరిత్ర చెబుతుంది.

ముందుగా కన్వర్టిబుల్‌కు, అంటే కప్పు తెరుచుకునే కారుకు, పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటి ఉంది. కారు బాడీ మెలితిరగకుండా పట్టి ఉంచే పనిలో పైకప్పుది పెద్ద పాత్ర. దాన్ని తీసేసినప్పుడు తలుపుల కింది భాగాన్ని, ముందు అద్దం చట్రాన్ని, అడుగుభాగాన్ని అదనపు లోహంతో బలపరచాలి. పైగా కప్పును మడిచి వెనక్కి నెట్టే మోటార్లు, పంపులు, కీళ్లు తోడవుతాయి. అందుకే ఒకే మోడల్‌లో స్థిరమైన కప్పు ఉండే కూపే కంటే కన్వర్టిబుల్ బరువుగా ఉంటుంది. కప్పు దించి హైవే మీద వేగంగా వెళ్తే లోపల సుడులు తిరిగే గాలి కారును వెనక్కి లాగుతుంది, దాని ఖర్చూ పెట్రోలు ట్యాంకు మీదే పడుతుంది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు విధించిన చమురు ఆంక్షల తరువాత అమెరికా 1975 డిసెంబరులో ఇంధన చట్టం తెచ్చి, ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు పెట్టింది. అది 1978 మోడల్ కార్లకు గ్యాలనుకు 18 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 7.7 కిలోమీటర్లు, 1985 నాటికి 27.5 మైళ్లు, అంటే సుమారు 11.7 కిలోమీటర్లు. 1978లో చేసిన మరో చట్టం ఎక్కువ తాగే ఒక్కొక్క కారు మీద విడిగా పన్ను వేసింది. అమెరికన్లు 'గ్యాస్ గజ్లర్' పన్ను అని పిలిచే ఇది 1980 మోడల్ కార్లతో మొదలైంది.

ఈ ఒత్తిడి ఎస్‌ఎల్ మీద ఎలా పనిచేసిందో చూస్తే సమస్య మూలం బయటపడుతుంది. 1980 వరకు అమెరికాలో 4.5 లీటర్ల ఇంజిన్‌తో 450 ఎస్‌ఎల్ అమ్మిన కంపెనీ, 1981లో దాని స్థానంలో 3.8 లీటర్ల 380 ఎస్‌ఎల్ తెచ్చింది. శక్తి 155 హార్స్‌పవర్ దగ్గర ఆగింది. అదే సమయంలో యూరప్‌లో 5 లీటర్ల 500 ఎస్‌ఎల్ దొరుకుతోంది. కంపెనీ దాన్ని అమెరికాలో అమ్మలేదు. డబ్బున్నవారు ఊరుకోలేదు. జర్మనీలో కొని, అమెరికా నియమాలకు తగినట్టు మార్పులు చేయించి తెచ్చుకునే గ్రే మార్కెట్ దిగుమతులు జోరందుకున్నాయి. 1986లో ప్రపంచ చమురు ధర కుప్పకూలింది. అదే మోడల్ సంవత్సరంలో మెర్సిడెస్ 227 హార్స్‌పవర్ ఇచ్చే 5.6 లీటర్ల 560 ఎస్‌ఎల్‌ను అమెరికా షోరూములకు పంపింది. అయిదేళ్లు పాటించిన నిగ్రహం ఒక్క మోడల్‌తో కరిగిపోయింది. కారు రూపకల్పనకు ఏళ్లు పడుతుంది కనుక ధర పడినందుకే ఈ ఇంజిన్ వచ్చిందనడం సరికాదు. గ్రే మార్కెట్‌కు పోతున్న కొనుగోలుదారుల్ని తిరిగి రప్పించుకోవడమే అసలు కారణంగా నాకు తోస్తుంది.

పన్ను ఆ దారికి అడ్డు నిలవలేకపోయింది. 1991 మోడల్ కార్ల నుంచి గ్యాలనుకు 22.5 మైళ్ల కన్నా తక్కువ ఇచ్చే కారుకు 1,000 డాలర్లు మొదలుకొని, 12.5 మైళ్లకు దిగువన ఉన్నదానికి 7,700 డాలర్ల వరకు పన్ను నిర్ణయించారు. ఆ శ్లాబులను ధరల పెరుగుదలకు ముడిపెట్టలేదు. దాదాపు 1,80,000 డాలర్ల ధరతో 2000ల మధ్యలో వచ్చిన ఎస్‌ఎల్ 65 ఏఎంజీ కొనేవారికి, అత్యధిక శ్లాబు పడినా అది ధరలో ఇరవయ్యో వంతు కూడా కాదు. సగటు మైలేజీ తప్పినందుకు వేసే జరిమానాలను కూడా మెర్సిడెస్, బిఎండబ్ల్యు వంటి యూరప్ కంపెనీలు ఏళ్ల తరబడి చెల్లిస్తూ, దాన్ని వ్యాపార ఖర్చులో భాగం చేసుకున్నాయి. ఇక ఎస్‌యూవీలకు గ్యాస్ గజ్లర్ పన్ను అసలు వర్తించదు. కన్వర్టిబుల్ మీద వేసి, అంతకన్నా ఎక్కువ సంఖ్యలో తిరిగే బరువైన బండిని వదిలేయడం ఈ చట్టంలోని అన్నిటికంటే పెద్ద అన్యాయం.

అలా 1990లలో ఎస్‌ఎల్‌లోకి 6 లీటర్ల వి12 ఇంజిన్ వచ్చింది. 2001లో మొదలైన తరంలో లోహపు మడత కప్పు, ఆ తరువాత రెండు టర్బోలతో 600కు పైగా హార్స్‌పవర్ ఇచ్చే ఎస్‌ఎల్ 65 వచ్చాయి.

మలుపు యూరప్ నుంచి వచ్చింది. 2009లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన 2015 నాటికి కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌ను కిలోమీటరుకు 130 గ్రాములకు తేవాలని చెప్పింది. 2012లో ఎస్‌ఎల్ అల్యూమినియం బాడీతో వచ్చి గరిష్ఠంగా 140 కిలోలు తగ్గింది. ఎస్‌ఎల్ 63లో 6.2 లీటర్ల ఇంజిన్ పోయి రెండు టర్బోల 5.5 లీటర్లది రావడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయే స్టార్ట్-స్టాప్ చేరడంతో అధికారిక వినియోగం 100 కిలోమీటర్లకు 14.1 లీటర్ల నుంచి 9.9 లీటర్లకు పడిందని, శక్తి మాత్రం పెరిగిందని కంపెనీ ప్రకటించింది. ఇది నిజమైన ఇంజినీరింగ్ విజయమే. అయితే ఆ అంకెను తేల్చిన ఎన్ఈడీసీ అనే అప్పటి యూరప్ అధికారిక పరీక్ష 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు, సగటున గంటకు 34 కిలోమీటర్ల వేగంతో, రోలర్ల మీద జరిగేది. కారు నిలబడి ఉండే సమయం అందులో చాలా ఎక్కువ కాబట్టి స్టార్ట్-స్టాప్‌కు అది అనువైన చోటు. 500కు మించిన హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్‌కు ఆ పరీక్షలో అసలు పని పడదు. మన దేశపు మైలేజీ పరీక్ష కూడా ఆ పరీక్ష నుంచి తీసుకున్నదే, గరిష్ఠ వేగాన్ని గంటకు 90 కిలోమీటర్లకు తగ్గించి.

2017 నుంచి యూరప్‌లో మరింత కఠినమైన డబ్ల్యుఎల్‌టీపీ పరీక్ష మొదలైంది. 2021లో వచ్చిన ఎస్‌ఎల్ తేలికైన గుడ్డ కప్పుకు తిరిగి వెళ్లింది. లోహపు కప్పుతో పోలిస్తే 21 కిలోలు ఆదా. అయినా నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే వి8 మోడళ్ల అంకె 100 కిలోమీటర్లకు 12 లీటర్ల చుట్టూ తేలింది. తరువాత వచ్చిన హైబ్రిడ్‌లో 6.1 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉంది, దానితో పెట్రోలు లేకుండా వెళ్లగలిగేది 13 కిలోమీటర్లు. ఇంత చిన్న బ్యాటరీ ఉన్నది వేగానికి ఊతమివ్వడానికి. కానీ అధికారిక లెక్క యజమాని తరచూ ఛార్జ్ చేస్తాడని ఊహించి, దూరంలో ఒక భాగాన్ని విద్యుత్ ఖాతాలో వేస్తుంది. 2021 నుంచి కార్లలో అమర్చిన వినియోగ మీటర్ల సమాచారాన్ని పరిశీలించిన యూరోపియన్ కమిషన్, రోడ్డు మీద ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల కార్బన్ ఉద్గారాలు ప్రయోగశాల అంకెకు సగటున 3.5 రెట్లు ఉన్నాయని 2024లో వెల్లడించింది.

ఇప్పుడు రెండు ఖండాలు రెండు వైపులకు నడుస్తున్నాయి. అమెరికా 2025 జులైలో సగటు మైలేజీ జరిమానాను సున్నాకు దించింది; 7,700 డాలర్ల పాత పన్ను పరిమితి మాత్రం అలాగే ఉంది. యూరప్ ప్లగ్-ఇన్ కార్ల వినియోగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 2025 నుంచి ఒక మెట్టు, 2027 నుంచి మరో మెట్టు బిగించేలా నిబంధన మార్చింది. 13 కిలోమీటర్ల విద్యుత్ పరిధిని ఆసరా చేసుకున్న కార్ల అధికారిక అంకెలు ఆ మేరకు పైకి జరగక తప్పదు.