ఐ7 అంటే అన్నీ ఒకటే ఐ7 కాదు: బోర్డు, ప్రాసెసర్ మార్చేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

మొన్న ఆదివారం షాపు కట్టేసే వేళకు ఒక పెద్దాయన ఆటోలో కంప్యూటర్ వేసుకుని వచ్చారు. కొడుక్కి సీఎస్‌ఈలో సీటొచ్చింది. ఆ సంతోషంలో ఆన్‌లైన్‌లో 19 వేలు పెట్టి అసెంబుల్డ్ పీసీ తెప్పించారు. ప్రకటనలో 'కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, గేమింగ్ పీసీ' అని ఉందట. క్యాబినెట్ నిండా రంగురంగుల లైట్లు. కొడుకు మాత్రం "స్లోగా ఉంది నాన్నా" అంటున్నాడు. చదువు తప్పించుకోవడానికి సాకులు చెబుతున్నాడేమోనని ఈయన అనుమానం.

"ఐ7 అని రాసిండు గద తమ్మీ, ఇంతకన్న పెద్దది ఉంటదా?"

మూత తీశాను. లోపల ఐ7-3770 ప్రాసెసర్, దాని కింద హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు. ప్రాసెసర్ 2012లో వచ్చింది, చిప్‌సెట్ (బోర్డులోని పోర్టులను నడిపే చిప్) 2011లో వచ్చింది. ఆ అబ్బాయి ఎల్‌కేజీలో చేరిన నాటి సరుకు అన్నమాట. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో కాసేపు నాకే అర్థం కాలేదు. ఈ సీజన్‌లో ఇది నాలుగో కేసు. కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, ఈ డబ్బాలు నా టేబుల్ మీదకు రావడం మొదలవుతుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఐ7 ఎప్పుడైనా ఐ5 కన్నా, ఐ3 కన్నా గొప్పది

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టే నమ్మకం ఇదే. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒక తరంలో ఎవరు చిన్న, ఎవరు పెద్ద అని చెప్పే పేర్లు మాత్రమే. ఈ తరం ఐ3ని పదేళ్ల కిందటి ఐ7తో పోల్చడానికి ఆ అంకె పనికిరాదు. చూడాల్సింది దాని పక్కనున్న నంబరు. 3770లో మొదటి అంకె 3, అంటే మూడో తరం. 12400లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం. నాలుగంకెల నంబరైతే మొదటి అంకె, ఐదంకెలదైతే మొదటి రెండు. ఇంతే విద్య.

2022 జనవరిలో వచ్చిన ఐ3-12100 తీసుకోండి. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). ఆ పెద్దాయన ఐ7-3770కీ సరిగ్గా అవే నాలుగు, అవే ఎనిమిది. అయినా పనిలో ఈ 'చిన్న' ఐ3 ఆ 'పెద్ద' ఐ7 కన్నా దాదాపు రెట్టింపు వేగంగా ఉంటుంది. పదేళ్లలో ఒక్కో కోర్ చేసే పని అంత పెరిగింది. గిగాహెర్ట్‌జ్ (ప్రాసెసర్ గడియార వేగం) చూసి పోల్చేవాళ్లకూ ఇదే జవాబు: రెండు వేర్వేరు తరాల గిగాహెర్ట్‌జ్‌ని పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు.

ప్రాసెసర్ ఒక్కటే పాతదైతే ఎలాగో సర్దుకోవచ్చు. అసలు దెబ్బ బోర్డు దగ్గర పడుతుంది. హెచ్61లో ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీకి మించి ఎక్కదు. అవి కూడా డీడీఆర్3, అంటే పాత రకం ర్యామ్‌వి. రేపు అబ్బాయి ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వేసుకుని ఇంకో 16 జీబీ కావాలంటే దారి లేదు. ఆ చిప్‌సెట్‌లో ఉన్నవి పాత 3 జీబీపీఎస్ సాటా పోర్టులు (డిస్క్‌ను బోర్డుకు కలిపేవి), కాబట్టి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టినా సగం వేగమే. యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే లేదు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమం ఇంటెల్‌లో (ఈ ఐ3, ఐ7లు చేసే కంపెనీ) ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ కంపెనీ రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి. ఈ డబ్బాలో విండోస్ 11 ఉంది కదా అంటారేమో. ఉంది, నియమాన్ని దాటవేసి ఎక్కించారు. రేపు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అది ఎక్కుతుందో లేదో ఎవరూ పూచీ పడరు.

"బోర్డు కొత్తదే కదా, సీల్డ్ బాక్స్‌లో వచ్చింది" అనేవాళ్లూ ఉన్నారు. అట్టపెట్టె కొత్తదైనంత మాత్రాన అందులోని చిప్‌సెట్ డిజైన్ 2011 నుంచి 2025కి రాదు. పాత బియ్యానికి కొత్త సంచి.

మరి తక్కువ బడ్జెట్‌ వాళ్లు ఏం చేయాలి? నన్నడిగితే, లైట్ల పీసీ పక్కన పెట్టి, ఆఫీసుల నుంచి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ చూడండి. ఐ5-8500 లాంటిది దొరికితే ఆరు కోర్లు, డీడీఆర్4, విండోస్ 11 నిక్షేపంగా నడుస్తుంది. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోండి: ఆ బ్రాండెడ్ డబ్బాల్లో చాలావాటికి బోర్డు సైజు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) కనెక్టర్ వాళ్ల సొంత పద్ధతిలో ఉంటాయి. రెండేళ్ల తర్వాత బోర్డు ఒక్కటే మారుద్దామంటే కుదరదు.

కొనేముందు అమ్మేవాణ్ని ఒక్క ప్రశ్న అడగండి: "ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు పూర్తి పేరు చెప్పండి." ఐ7 అని మాత్రమే చెప్పి నంబరు నములుతున్నాడంటే ఫోన్ పెట్టేయండి. డబ్బా ఇంటికొచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూస్తే ప్రాసెసర్ పేరు అక్కడే ఉంటుంది. రిటర్న్ గడువు దాటకముందే చూడండి.

ఆ పెద్దాయన డబ్బాకు గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ ఉంచుకుని బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చాం. ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాల్సి వచ్చింది. ఆ సంగతి కింద చెబుతాను.

అపోహ: సాకెట్ సరిపోతే ప్రాసెసర్ పనిచేస్తుంది

ఇందులో నేనే మునిగాను, కాబట్టి ఎవరినీ వెక్కిరించను. 2018 జనవరిలో ఒక కస్టమర్ దగ్గర హెచ్110 బోర్డు ఉంది, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) 1151. అప్పుడే మార్కెట్‌లోకి వచ్చిన ఐ5-8400 కూడా 1151. ఆరు కోర్లు, మంచి ధర. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ విడిభాగాల మార్కెట్) వెళ్లి ఉత్సాహంగా తెచ్చాను. సాకెట్‌లో పువ్వులా కూర్చుంది. పవర్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. ర్యామ్ తుడిచాను, కేబుళ్లు మార్చాను, బ్యాటరీ తీసి పెట్టాను. రాత్రి పదకొండుకు తెలిసింది: పేరు అదే, ఆకారం అదే, కానీ ఎనిమిదో తరానికి ఇంటెల్ కరెంటు పిన్నుల అమరిక మార్చేసింది. 300 సిరీస్ బోర్డులోనే నడుస్తుంది. సీల్ తీసిన ప్రాసెసర్‌ను ఎవడు వెనక్కి తీసుకుంటాడు? నాలుగు నెలలు నా డ్రాయర్‌లోనే పడుంది.

సాకెట్ తర్వాత చిప్‌సెట్ చూడాలి, చిప్‌సెట్ తర్వాత బయోస్ (ఆన్ చేయగానే బోర్డును లేపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ చూడాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డులు ఇందుకు మంచి ఉదాహరణ. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో చాలావాటిలో ఇప్పటికీ 5000 సిరీస్ ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. బోర్డు మార్చకుండా ఇంత లాభం ఇంకెక్కడా చూడలేదు. కాకపోతే బయోస్ అప్‌డేట్ తప్పనిసరి, అదీ పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే తెరే వెలగదు. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే బయోస్ ఎక్కించే బటన్ ఉంటుంది, అది ఉంటే అదృష్టం. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ముట్టుకోకండి. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నాకు తెలుసు.

మీ బోర్డు అసలు పేరు బోర్డు మీదే ముద్రించి ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ సైట్‌కి వెళ్లి 'సీపీయూ సపోర్ట్' జాబితా తెరవండి. ఏ ప్రాసెసర్, ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో వరుసగా ఇచ్చి ఉంటుంది. జాబితాలో లేని ప్రాసెసర్‌ను "మా ఫ్రెండ్‌కి పనిచేసింది" అని కొనకండి. ఇంటెల్ 1200 సాకెట్‌లోనూ ఇదే తంతు. పది, పదకొండు తరాలు రెండూ దానివే, కానీ హెచ్410, బీ460 బోర్డుల్లో చాలావాటికి పదకొండో తరం ఎక్కదు.

అపోహ: కంప్యూటర్ స్లో అయితే ప్రాసెసర్ ముసలిదైనట్టే

మా బజార్లో డీటీపీ చేసే అన్న ఒకాయన ఉన్నాడు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. బోర్డు, ప్రాసెసర్ మార్చమని ఎవరో 25 వేల లెక్క రాసిచ్చారు. టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర రొప్పుతోంది. ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేశాను. ఆ మెషీన్‌తోనే పత్రికల సీజన్ గట్టెక్కింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందని, ఆ మెషీన్ మీద బ్యాంకు పనులు చేయొద్దని చెప్పి పంపాను.

ఏది 100 శాతం దగ్గర ఇరుక్కుందో దాన్ని మార్చండి. అది ప్రాసెసరే అయితే అప్పుడు మాట్లాడుకుందాం.

అపోహ: పాత ర్యామ్ కొత్త బోర్డులోకి వస్తుంది

డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే, గాడి ఉన్న చోటు వేరు. దూరకపోతే బలంగా నొక్కిన మహానుభావులున్నారు, స్లాట్ విరిగింది. ఏఎం4 అంటే డీడీఆర్4. ఏఎం5 సాకెట్‌కి, ఇంటెల్ 1851 సాకెట్‌కి డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 1700 సాకెట్ (12, 13, 14 తరాలు) బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి, ఏది కొంటున్నారో చూసుకోవాలి. 2025 ఆఖరి నెలల నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. అందుకే చేతిలో మంచి డీడీఆర్4 ఉన్నవాళ్లకు నేను ఏఎం4 లేదా డీడీఆర్4 రకం 1700 బోర్డే చెబుతున్నాను. కొత్త సాకెట్ మోజు ఉంటే ఆగండి.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని ఉంది, చాలు

పైన వదిలేసిన సంగతి ఇది. ఆ పెద్దాయన క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్దక్షరాలు. కింద చిన్న పట్టికలో 12 వోల్ట్ లైన్‌కు 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే. పైగా కొత్త బోర్డుకు సీపీయూ పవర్ కోసం 8 పిన్నుల కేబుల్ కావాలి, దానికున్నది 4 పిన్నులదే. మార్చక తప్పలేదు.

ఇక మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

"ఏఎండీ వేడెక్కుతుంది." 2012 నాటి ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్ల మీద పుట్టిన మాట. 2017లో రైజెన్ వచ్చింది. ఇంకా అదే పాట పాడేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

"13, 14 తరాల ఇంటెల్ మొత్తం కాలిపోతాయి." కొన్ని మోడళ్లలో వోల్టేజి సమస్య నిజమే. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ దాన్ని సరిచేసే మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. పన్నెండో తరానికి ఆ గొడవ లేదు. మీది 13 లేదా 14 అయితే ఈ రోజే బయోస్ అప్‌డేట్ చేయండి, భయపడి అమ్ముకోకండి.

ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ 5 5600కి ఎఫ్ లేకపోయినా గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. "కొత్త ప్రాసెసర్ చచ్చిపోయింది" అని వారానికొకరు దీనికే ఏడుస్తూ వస్తారు. పాపం అనిపిస్తుంది, తప్పు వాళ్లది కాదు.

ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ను దాని మామూలు వేగానికి మించి నడపడం) చేయని ఇంటికి ఇంటెల్ జెడ్ సిరీస్ బోర్డు దండగ, బీ సిరీస్ చాలు.

అపోహ: బోర్డు మారిస్తే డేటా ఎక్కడికీ పోదు, డిస్క్ అదే కదా

డిస్క్ అదే, తాళం మాత్రం పాత బోర్డులో ఉండిపోవచ్చు. విండోస్ 11 చాలా మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే డేటాకు తాళం వేస్తుంది. తాళంచెవి టీపీఎంలో (బోర్డులోనో ప్రాసెసర్‌లోనో ఉండే భద్రతా భాగం) ఉంటుంది. బోర్డు మార్చినా, కొన్నిసార్లు ప్రాసెసర్ ఒక్కటే మార్చినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే తీసి కాగితం మీద రాసుకోండి. విండోస్ లైసెన్స్‌ను కూడా అదే అకౌంట్‌కు ముందే కలిపి పెట్టుకోండి. పీసీతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే పాత బోర్డుతోనే పోతుంది.

కిందటి ఏడాది ఒకమ్మ వచ్చింది. ఎవరో బోర్డు మార్చి ఇచ్చారు, ఆన్ చేస్తే నీలం తెర మీద ఆ కీ అడుగుతోంది. అందులో చనిపోయిన ఆమె భర్త ఫొటోలున్నాయి. అకౌంట్ ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఎవరికీ గుర్తులేదు. చేతులు వణుకుతున్నాయి ఆమెకు. ఇంట్లో వాళ్లందరి ఈమెయిళ్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూశాం. రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె పెద్ద కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, ఇంటర్ చదివేటప్పుడు వాడిన పాత మెయిల్ ఒకటుందని చెప్పింది. కీ అందులోనే ఉంది.